బావి మనూళ్ళో, లెక్క ఎవరి దగ్గర?

చమురు, గ్యాస్ తవ్వకాలను నడిపే 1948 నాటి ఆయిల్‌ఫీల్డ్స్ చట్టాన్ని పార్లమెంటు 2025 మార్చిలో సవరించింది. షేల్ గ్యాస్, బొగ్గు పొరల్లోని మీథేన్ చట్టం పరిధిలో స్పష్టంగా చేరాయి. మైనింగ్ లీజు పెట్రోలియం లీజయింది. చట్టం తప్పినవాళ్ళకు ఆరు నెలల జైలు పోయి, 25 లక్షల రూపాయల దాకా జరిమానా వచ్చింది. తప్పు ఆగకపోతే రోజుకు మరో 10 లక్షల దాకా కట్టాలి. పెట్టుబడి పెట్టేవాళ్ళకు ధైర్యం చెప్పే మాటలు చాలానే ఉన్నాయి. రిగ్గు, అంటే బావి తవ్వే యంత్రం, దిగే ఊరికి ఏమివ్వాలో, ఆ ఊరిని ఏమడగాలో మాత్రం ఎక్కడా లేదు. డెబ్బై ఏడేళ్ళ తర్వాత చేతికొచ్చిన అవకాశం అది. అలా దాటిపోయింది.

చెన్నైలో ఉండే కోనసీమవాళ్ళకు ఈ చట్టం దూరపు సంగతేమీ కాదు. చేపాక్కంలో, మెరీనా ఎదురుగా ఉన్న కలస్ మహల్‌లో పర్యావరణ కేసులు వినే జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణ బెంచి కూర్చుంటుంది. కోనసీమ చేలో బావి నీరు చెడినా, కావేరీ డెల్టాలో గొట్టం పగిలినా, ఎన్నూరు వాగులో నూనె తేలినా ఫైళ్ళు ఈ గుమ్మానికే రావాలి. చమురు దొరికే ఊళ్ళకూ ఆ చమురు డబ్బుకూ మధ్య మన దేశంలో ఖాయంగా తెరిచి ఉన్న తలుపులు చాలా తక్కువ. వాటిలో ఇదొకటి, ఇదీ నష్టం జరిగాకే తెరుచుకుంటుంది.

నేను చెప్పదలచుకున్నది ఇది: చమురు, గ్యాస్ తీసే ఊళ్ళకు చట్టప్రకారం వాటా రావాలి. కానీ వాటా కన్నా ముందు లెక్క రావాలి. ఎంత గ్యాస్ తీశారు, ఎంత కాల్చారు, గొట్టం మందం ఎంత మిగిలింది అన్నవి ఊరికి తెలియనంత కాలం ఎంత డబ్బిచ్చినా అది వాటా అవదు. ఊరు నోరెత్తకుండా ఇచ్చిన సొమ్మవుతుంది.

ఒకే గోదావరి, రెండు చట్టాలు

గోదావరి ఎగువన కొత్తగూడెం, రామగుండం, మంచిర్యాల. అక్కడ నేల కింద బొగ్గు. దిగువన తాటిపాక, రాజోలు, అమలాపురం. ఇక్కడ నేల కింద గ్యాస్. రెండూ ఇంధనమే, రెండూ జాతి సంపదే, రెండు చోట్లా నష్టపోయేది చుట్టుపక్కల ఊళ్ళే.

బొగ్గు ఊళ్ళకు 2015 నుంచి జిల్లా ఖనిజ నిధి ఉంది. గనుల చట్టంలో 9బి సెక్షన్ చేర్చి ఆ నిధిని తప్పనిసరి చేశారు. 2015 జనవరి 12కు ముందిచ్చిన లీజయితే, తవ్విన సరుకు మీద ప్రభుత్వానికి కట్టే రాయల్టీకి అదనంగా అందులో 30 శాతం, ఆ తర్వాత వేలంలో ఇచ్చినదయితే 10 శాతం గని యజమాని ఆ నిధికి కట్టాలి. తాగునీరు, వైద్యం, చదువు లాంటివాటికి ముందు ఖర్చు పెట్టాలని నియమం.

గ్యాస్ ఊళ్ళకు ఆ నిధి ఎందుకు లేదు? కారణం అదే గనుల చట్టం మూడో సెక్షన్‌లో ఉంది. ఖనిజం అంటే 'మినరల్ ఆయిల్స్ తప్ప మిగిలినవన్నీ' అని నిర్వచనం. చమురు, గ్యాస్ వేరే చట్టం కిందకు వస్తాయి, ఆ చట్టంలో జిల్లా నిధి అనే మాటే లేదు. అందుకే తాటిపాకవాళ్ళు కలెక్టరు దగ్గరకు వెళ్ళి మా ఖనిజ నిధి ఏదని అడిగితే, మీ నేల కింద ఉన్నది చట్టం లెక్కలో ఖనిజం కాదన్నదే జవాబు.

దీనికి వెంటనే వచ్చే అభ్యంతరం రాయల్టీ. భూమి మీద తీసిన గ్యాస్‌కు రాష్ట్రానికి రాయల్టీ వస్తుంది, రాష్ట్రం ఊళ్ళకు ఖర్చు పెడుతుంది, ఇంకేం కావాలని. బొగ్గు రాయల్టీ కూడా రాష్ట్రానికే వెళ్తుంది. అయినా వేరే నిధి కావాల్సి వచ్చిందంటే, రాష్ట్ర ఖజానాలో పడ్డ రూపాయి గని ఊరిదాకా నడిచి రాదని పార్లమెంటే ఒప్పుకున్నట్టు. పైగా సముద్రంలో తీసిన గ్యాస్ రాయల్టీ కేంద్రానికి వెళ్తుంది. తీరంలోని మత్స్యకారుల ఊరికి అది మరీ దూరం. సముద్రంలో ప్లాట్‌ఫారం చుట్టూ 500 మీటర్ల భద్రతా వలయం ఉంటుంది, అందులోకి పడవ వెళ్ళకూడదు. ఒక్కో ప్లాట్‌ఫారానికి దాదాపు 0.78 చదరపు కిలోమీటర్ల వేట నీళ్ళు పోయినట్టే.

డబ్బెంతో ఊహకు అందాలంటే ఒక చిన్న లెక్క వేసుకుందాం. రోజుకు 50,000 ఘనపు మీటర్ల గ్యాస్ ఇచ్చే బావి అనుకోండి. 26, 27 ఘనపు మీటర్లకు ఒక ఎంఎంబీటీయూ (గ్యాస్ ధర కట్టే వేడి కొలత) చొప్పున రోజుకు సుమారు 1,900 వస్తాయి. పాత క్షేత్రాల గ్యాస్‌కు 2023 ఏప్రిల్‌లో పెట్టిన గరిష్ఠ ధర 6.5 డాలర్లు. డాలరు 85 రూపాయలనుకుంటే రోజుకు పదిన్నర లక్షల సరుకు. రాయల్టీ పది శాతం లెక్కన లక్ష రూపాయల పైచిలుకు, ఏడాదికి 3.8 కోట్లు. బావి ముఖం దాటాక అయ్యే ఖర్చులు తీసేసి రాయల్టీ కడతారు కనుక కొంత తగ్గుతుంది. బొగ్గుకున్న పాత లీజుల నియమాన్నే దీనికీ పెడితే ఏడాదికి కోటీ పది లక్షల దరిదాపుల్లో ఊళ్ళ నిధికి చేరాలి. కొత్త లీజుల నియమం పెట్టినా 38 లక్షలు. అయిదు పంచాయతీలు పంచుకున్నా చిన్న మొత్తమేమీ కాదు.

ఈ లెక్కలో ఒక చిల్లు ఉంది. తప్పనిసరిగా నష్టపోయిన గ్యాస్‌కు, మళ్ళీ భూమిలోకి పంపిన గ్యాస్‌కు, తవ్వకం పనులకు వాడుకున్న గ్యాస్‌కు రాయల్టీ కట్టనక్కర్లేదని చమురు చట్టంలోనే ఉంది. ఫ్లేర్‌లో, అంటే బావి దగ్గర వెలిగించే మంటలో, కాలిపోయే గ్యాస్‌ను తప్పనిసరి నష్టం కింద రాసుకుంటే అది లెక్కలోంచి జారిపోతుంది. రాత్రంతా పగల్లా వెలుగు, వేడి, చప్పుడు, పక్క తోటలో కొబ్బరాకుల మీద మసి. ఊరు అనుభవించేదంతా ఏ గ్యాస్ వల్లనో, సరిగ్గా ఆ గ్యాసే రాయల్టీ పద్దులో సున్నా అవుతుంది. అందుకే ఊరి వాటాను రాయల్టీకి ముడిపెడితే చాలదు. బావిలోంచి బయటికొచ్చిన ప్రతి ఘనపు మీటరుకూ ముడిపెట్టాలి. అప్పుడు కాల్చితే ఖర్చవుతుంది, కాల్చడం తగ్గుతుంది.

గొట్టం పోయిన పొలం

బావి కన్నా ఎక్కువమందికి తగిలేది గొట్టం. 1962 నాటి పెట్రోలియం పైపులైన్ల చట్టం కింద భూమిని కొనరు, అందులో వాడకపు హక్కు మాత్రం తీసుకుంటారు. పొలం రైతు పేరు మీదే ఉంటుంది. అందుకిచ్చే పరిహారం భూమి మార్కెట్ విలువలో 10 శాతం. పంట నష్టం, చెట్ల నష్టం వేరేగా కడతారు. ఆ తర్వాత ఆ పట్టీలో ఇల్లు కట్టకూడదు, చెరువు గానీ బావి గానీ తవ్వకూడదు, చెట్టు నాటకూడదు.

వరి చేలో ఇది కొంతవరకు నడుస్తుంది. గొట్టం పూడ్చాక పైన నాట్లేసుకోవచ్చు. అక్కడా ఒక జాగ్రత్త ఉంది. కందకం తవ్వేటప్పుడు పైమట్టినీ అడుగు బంకమట్టినీ విడివిడిగా కుప్పపోసి, అదే వరసలో తిరిగి పూడ్చాలి. తొందరలో కలిపేస్తే ఆ చారలో మూడు నాలుగు పంటలు పచ్చబడవు, మడిలో నీరు కూడా నిలవదు.

కొబ్బరి తోటలో లెక్క పూర్తిగా వేరు. 18 మీటర్ల పట్టీ తోటలో 100 మీటర్ల పొడవున పోయిందనుకోండి, 1,800 చదరపు మీటర్లు, అంటే ఎకరంలో 44 సెంట్లు. ఎనిమిది మీటర్ల ఎడంతో నాటే చోట 28 చెట్లు. కొట్టేసిన చెట్టుకు డబ్బిస్తారు సరే, ఆ చోట మళ్ళీ ఎన్నటికీ చెట్టు రాదు కదా. యాభై అరవై ఏళ్ళు కాసే చెట్టుకు తోడు, దాని తర్వాత నాటాల్సిన చెట్టూ పోయింది. భూమి విలువలో పదో వంతు ఇచ్చి భూమి వాడకంలో ఎక్కువ భాగం తీసుకోవడమే ఇది. గొట్టంలో గ్యాస్ పారినన్నాళ్ళూ ఏటేటా అద్దె కట్టడమే దీనికి తగిన పద్ధతి.

నోటీసు సంగతీ చూడాలి. అభ్యంతరం చెప్పుకోవడానికి రైతుకున్న గడువు ప్రకటన వచ్చాక 21 రోజులు. ఊళ్ళో దండోరా ఆలస్యమైనా, సర్వే నెంబరు తప్పు పడినా, రైతు హైదరాబాదులోనో చెన్నైలోనో ఉన్నా ఆ మూడు వారాలూ అయిపోతాయి. సొంతూళ్ళో కాస్తో కూస్తో భూమి ఉండి ఇక్కడ ఉద్యోగాలు చేసుకునేవాళ్ళు పంచాయతీ కార్యదర్శి ఫోన్ నెంబరు దగ్గర పెట్టుకోవడం మంచిది.

నగరం గ్రామం చెప్పిన పాఠం

2014 జూన్ 27 తెల్లవారుజామున మామిడికుదురు మండలం నగరం గ్రామంలో 18 అంగుళాల గ్యాస్ గొట్టం పగిలింది. గ్యాస్ నేలబారుగా ఇళ్ళ మధ్యకు పాకింది, ఒక పొయ్యి వెలిగించగానే అంటుకుందని అప్పటి కథనాలు రాశాయి. 20 మందికి పైగా చనిపోయారు. ఈ సంఘటన మనందరికీ తెలిసిందే, దాని కథ మళ్ళీ చెప్పను. గొట్టం ఎందుకు పగిలిందన్నది మాత్రం చెప్పాలి, ఎందుకంటే ఊరి భాగస్వామ్యం అనే మాటకు అసలు అర్థం అక్కడే ఉంది.

బావుల నుంచి వచ్చే గ్యాస్‌లో నీటి ఆవిరి, కండెన్సేట్ అనే తేలిక నూనె కలిసి ఉంటాయి. గొట్టంలో చల్లబడేసరికి నీరు విడిపోయి పల్లంగా ఉన్న చోట అడుగున పేరుకుంటుంది. గ్యాస్‌లోని కార్బన్ డయాక్సైడ్ ఆ నీటిలో కరిగి పల్చటి ఆమ్లమవుతుంది. అది గొట్టం అడుగును లోపలి నుంచి తినేస్తుంది. బయట ఎంత మంచి పూత ఉన్నా, తుప్పు పట్టకుండా కరెంటు పంపే ఏర్పాటున్నా అవి బయటి తుప్పుకే పనికొస్తాయి. లోపలి తుప్పుకు మందు వేరు. గ్యాస్‌ను గొట్టంలోకి పంపే ముందే నీరు తీసేసే యూనిట్ ఉండాలి. అడుగున చేరినదాన్ని తోసేసే పిగ్గింగ్ క్రమం తప్పకుండా చేయాలి. గొట్టం మందాన్ని లోపలి నుంచి కొలిచే పరికరాన్ని అప్పుడప్పుడు పంపాలి. నగరం గ్రామంలో పొడి గ్యాస్ కోసం వేసిన గొట్టంలో తడి గ్యాస్ పారింది, నీరు తీసే ఏర్పాటు లేదు.

వీటిలో ఏది పంచాయతీ సర్పంచికి అర్థం కానిది? పిగ్గింగ్ చివరిసారి ఎప్పుడు చేశారు, ఎన్ని లీటర్ల నీరు బయటికొచ్చింది, మందం ఎక్కడ అన్నిటికన్నా తక్కువ, వేసినప్పుడు ఎంత ఉండాలి అనుకున్నారు, ఇప్పుడెంత ఉంది. ట్రాక్టరు టైరు అరుగుదల చూసి ఇంకెన్నాళ్ళు వస్తుందో చెప్పగలిగే రైతుకు గొట్టం అరుగుదల అర్థం కాదనడం ఆయన్ను అవమానించడమే.

కంపెనీలు చెప్పే కారణం భద్రత. వివరాలు బయటపెడితే విధ్వంసం చేసేవాళ్ళకు దారి చూపినట్టవుతుందని. దీన్ని తేలిగ్గా కొట్టిపారేయను. నైజీరియాలో గొట్టాలకు కన్నాలేసి నూనె దొంగిలించడం పెద్ద వ్యాపారం. కానీ మన దగ్గర గొట్టం ఎక్కడుందో చెప్పే రాళ్ళు, ఫోన్ నెంబర్లతో బోర్డులు పొలాల్లో కనబడుతూనే ఉన్నాయి. దాని చోటు రహస్యం కాదు, రహస్యంగా ఉన్నది దాని ఆరోగ్యమే. పల్చబడ్డ చోటు చెప్పడానికి భయపడుతుంటే దాన్ని వెంటనే బాగు చేయాలి. బాగు చేసేదాకా ఒత్తిడి తగ్గించి నడపాలి.

ఇంకో సంగతి. వంటింటి గ్యాస్‌కు ఘాటైన వాసన కలుపుతారు. పెద్ద గొట్టాల్లో పారే సహజవాయువుకు మామూలుగా కలపరు, మీథేన్‌కు సొంత వాసన ఉండదు. ఊరివాళ్ళకు ఎప్పుడైనా వాసన తగిలిందంటే ఎక్కువగా అది కండెన్సేట్‌ది. అంటే అప్పటికే గొట్టంలో ద్రవం ఉంది, బయటికీ వస్తోంది. 'ఏదో వాసనొస్తోందండీ' అని ఫోన్ చేసిన ఆడమనిషి మాట ఆ రోజుకు అన్నిటికన్నా విలువైన సాంకేతిక సమాచారం. అది ఎన్ని గంటలకు వచ్చింది, ఎవరు ఎన్నింటికి వెళ్ళి చూశారు అన్నది పంచాయతీలో ఒక ప్రతి, గ్యాస్ సేకరణ కేంద్రంలో ఒక ప్రతి, ఫైర్ స్టేషన్‌లో ఒక ప్రతి ఉండేలా రాయాలి.

ముందు కొలవాలి

సముద్రం పొలాల్లోకి వస్తోందని, బోరు నీళ్ళు ఉప్పెక్కాయని, నేల దిగిపోతోందని కోనసీమలో ఎప్పటి నుంచో అంటున్నారు. గ్యాస్ తీయడం వల్లేనని ఊళ్ళు అంటాయి, కాదని కంపెనీలు అంటాయి. గోదావరి మీద ఆనకట్టల వల్ల ఒండ్రు రావడం తగ్గింది, రొయ్యల చెరువులకు ఉప్పునీరు పెట్టారు, బోర్లు పెరిగాయి. వీటన్నిటి నుంచి గ్యాస్ వంతును విడదీయాలంటే తవ్వకానికి ముందటి కొలతలు కావాలి. ముందు కొలత లేకపోతే ట్రిబ్యునల్‌లో ఊరి పక్షాన వాదించడం చాలా కష్టం. ఎంత మంచి వకీలైనా అక్కడ తడబడతాడు.

రిగ్గు రాకముందే చేయాల్సిన పని ఇది. బావి సైటుకు ఒక కిలోమీటరు లోపల పది పన్నెండు బోర్లు ఎంచుకుని మే నెలలో ఒకసారి, వర్షాలయ్యాక నవంబరులో ఒకసారి నీళ్ళు పరీక్షించాలి. క్లోరైడు, కరిగిన లవణాలు, బేరియం చూస్తే చాలా తెలుస్తుంది. భూమి లోపలి నుంచి వచ్చే ఉప్పునీటికీ సముద్రపు ఉప్పునీటికీ తేడా పట్టడానికి బేరియం ఉపయోగపడుతుంది. ఒకే నెలలో తీసిన కొలతలనే పోల్చాలి, మే నీళ్ళనూ నవంబరు నీళ్ళనూ పక్కపక్కన పెడితే ఎవరికి కావాల్సిన తీర్పు వాళ్ళకు వస్తుంది. నేల దిగుడుకు కాంక్రీటు గుర్తురాళ్ళు పాతి, డెల్టాకు బయట గట్టినేల మీదున్న ఒక గుర్తుతో వాటి ఎత్తును ఏటా పోల్చాలి. డెల్టాలోనే రెండు రాళ్ళను పోల్చుకుంటే రెండూ కలిసి దిగుతున్నా సున్నా అనే వస్తుంది.

ఇవన్నీ అడగాల్సిన చోటు ప్రజాభిప్రాయ సేకరణ. 2020 జనవరిలో పర్యావరణ నోటిఫికేషన్‌ను మార్చి అన్వేషణ బావులను బి2 వర్గంలో పెట్టారు, వాటికి ప్రజా విచారణ అక్కర్లేదు. ఉత్పత్తి దశకు మాత్రం కావాలి. అంటే అన్వేషణ బావులు తవ్వేశాక, గ్యాస్ దొరికాక, పెట్టుబడి దిగాక ఊరిని అడుగుతారు. అప్పటికి నీళ్ళ ముందు కొలత తీసే కాలం దాటిపోయి ఉంటుంది. నా దృష్టిలో చమురు ఊళ్ళ విషయంలో ఈ మధ్య జరిగిన పెద్ద నష్టం ఇదే, దీని గురించి మన పత్రికలు రాసింది చాలా తక్కువ.

స్థానికుడెవరు?

ఇక్కడిదాకా వాదన సులువుగానే నడిచింది. అసలు చిక్కు డబ్బు ఎవరికివ్వాలన్న దగ్గర మొదలవుతుంది.

పాపువా న్యూగినీలో చమురు చట్టం భూమి వారసులైన తెగలకు రాయల్టీలో పాలు, ప్రాజెక్టు యాజమాన్యంలో రెండు శాతం వాటా రాసిచ్చింది. కాగితం మీద ప్రపంచంలోనే ఉదారమైన ఏర్పాట్లలో ఒకటి. అక్కడి నుంచి 2014లో గ్యాస్ ఓడలు బయల్దేరాయి. కానీ ఏ భూమి ఏ వంశానిదో ముందుగా తేల్చలేదు. ఎగువన గ్యాస్ తీసే ప్రాంతం వాటా ఏళ్ళ తరబడి ఖాతాల్లోనే ఇరుక్కుపోయింది, ఆ ఖాతా మీద హక్కు కోసం గొడవలు పెరిగాయి.

మన దగ్గర ఆ చిక్కు పేరు కౌలు. పాసుబుక్ ఒకరి పేరున, నాగలి మరొకరి చేతిలో. మడ్ పిట్ (తవ్వకపు బురద నిలవ చేసే గుంట) గట్టు తెగి చేలోకి రసాయనాల బురద వస్తే పోయేది కౌలుదారు పంట, చెక్కు వచ్చేది భూమి యజమానికి. ఆంధ్రప్రదేశ్ 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం తెచ్చింది. దాని కింద ఇచ్చే కార్డుకు గడువు 11 నెలలు, యజమాని ఒప్పుకోలు కావాలి. భూమి మీద హక్కు పోతుందేమోనని యజమాని సంతకం పెట్టడు. కూలికి వెళ్ళేవాళ్ళకైతే ఆ కార్డు కూడా లేదు.

చేపలు పట్టేవాళ్ళ విషయంలో లెక్క కొంత మెరుగ్గా కుదిరిన ఉదాహరణ ఒకటుంది. ఓఎన్‌జీసీ పైపులైన్ పనుల వల్ల వేట పోయిన కోనసీమ, కాకినాడ జిల్లాల మత్స్యకార కుటుంబాలకు నెలకు 11,500 రూపాయలుగా లెక్కగట్టి, 2023 నవంబరులో 23,458 కుటుంబాలకు ఆరు నెలల మొత్తం, అంటే కుటుంబానికి 69,000 చొప్పున ఇచ్చారు. ఆ మరుసటి నెలలోనే మిచాంగ్ తుపాను వరదలో మణలి రిఫైనరీ వైపు నుంచి నూనె బకింగ్‌హాం కాలువలోకి, ఎన్నూరు వాగులోకి చేరింది. తమిళనాడు ప్రభుత్వం 2,301 మత్స్యకార కుటుంబాలకు 12,500 చొప్పున, 787 పడవల బాగుకు 10,000 చొప్పున, మరో 6,700 కుటుంబాలకు 7,500 చొప్పున ప్రకటించింది. మొత్తం 8.68 కోట్లు. ఒకచోట నెలకింత అనే కొలబద్ద ముందే ఉంది, నష్టం ఎన్నాళ్ళుంటే అన్నాళ్ళు గుణించుకోవచ్చు. ఇంకోచోట ఒక్కసారి ఇచ్చే గుండుగుత్త మొత్తం. మడచెట్ల వేళ్ళకు నూనె పట్టిన వాగులో రొయ్య ఎన్నాళ్ళకు తిరిగొస్తుందో ఆ మొత్తంలో ఎక్కడా లేదు.

కాబట్టి నా అభిప్రాయం: బావి నిధి భూమి యజమాని పేరు మీద కాకుండా ఊళ్ళో నివాసం ఉన్న ప్రతి మనిషి పేరు మీద ఉండాలి. అలాస్కాలో 1976లో పెట్టిన చమురు నిధి 1982 నుంచి నివాసులందరికీ సమానంగా డివిడెండు ఇస్తోంది. మొదట ఎన్నేళ్ళు అక్కడున్నారో చూసి ఎక్కువ తక్కువగా ఇవ్వబోతే అమెరికా సుప్రీంకోర్టు కొట్టేసింది. కూలివాడికీ కామందుకూ ఒకే మొత్తం వస్తే ఊళ్ళో ఆ నిధిని కాపాడే చేతులు ఎక్కువవుతాయి. భూమి నష్టం, పంట నష్టం వేరే ఖాతా, వాటిని దీనితో కలపకూడదు.

దీని మీద నాకే ఒక అనుమానం ఉంది. అంతా పంచేస్తే మంచినీళ్ళ పైపు ఎవరు వేస్తారు? నైజీరియాలోని బోడో ఊరికి 2008లో జరిగిన రెండు చమురు ఒలుకుల మీద 2015లో కుదిరిన ఒప్పందంలో షెల్ కంపెనీ 5.5 కోట్ల పౌండ్లు ఇచ్చింది. అందులో 3.5 కోట్లు 15,600 మందికి వ్యక్తిగతంగా, 2 కోట్లు ఊరుమ్మడికి. సుమారు రెండు వంతులు చేతికి, ఒక వంతు ఉమ్మడికి. నష్టం తీర్చడానికి ఆ పాలు సరే. ఏటా వచ్చే వాటాకైతే ఉమ్మడి పాలు సగమైనా ఉండాలి, అందులో కొంత బావి ఎండిపోయే రోజుకు దాచాలి.

డబ్బుతో నోరు కట్టేయడం

అదే నైజీరియా 2021 చట్టం చూడండి. ముందటి ఏడాది నిర్వహణ ఖర్చులో 3 శాతం కంపెనీ ఆతిథేయ సమాజాల ట్రస్టుకు కట్టాలి. ట్రస్టు డబ్బులో 75 శాతం నిర్మాణ పనులకు, 20 శాతం దాపుకు, 5 శాతం లోపు నిర్వహణకు. చదవడానికి ముచ్చటగా ఉంది. కానీ ట్రస్టు సభ్యులను ఎంపిక చేసేది కంపెనీ, ఊళ్ళను సంప్రదిస్తే చాలు. గొట్టానికి ఎవరైనా నష్టం చేస్తే బాగు ఖర్చు మేరకు ఆ ఊరి వాటా పోతుంది. ఒక దొంగ చేసిన పనికి ఊరంతటికీ శిక్ష. కాపలా బాధ్యత ఊరి మీద పడింది, కాపలా కాయడానికి కావాల్సిన సమాచారం మాత్రం ఊరికి రాలేదు.

మన సీఎస్ఆర్, అంటే కంపెనీల సామాజిక బాధ్యత ఖర్చు, దీనికి చిన్న తమ్ముడు. లాభంలో 2 శాతం ఖర్చు పెట్టాలి, స్థానిక ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని చట్టం. ఏ ఊళ్ళో ఏం కట్టాలో కంపెనీయే తేలుస్తుంది. బెంచీలు, మరుగుదొడ్లు అన్నీ అవసరమైనవే, వాటిని తప్పు పట్టను. కానీ మొన్ననే కంప్యూటర్లు తెచ్చిచ్చినవాళ్ళను గొట్టం మందమెంతని అడగడానికి హెడ్మాస్టారికి మొహమాటం అడ్డొస్తుంది. ఆ మొహమాటం చాలా ఖరీదైనది.

జిల్లా ఖనిజ నిధి అనుభవం కూడా నా వాదనకు పూర్తిగా అనుకూలం కాదు, అది ఒప్పుకోవాలి. నిధికి అధ్యక్షుడు కలెక్టరు. డబ్బు గని ఊళ్ళు దాటి జిల్లా కేంద్రంలో భవనాలకు వెళ్ళిన ఫిర్యాదులు చాలా చోట్ల వచ్చాయి. ఆ డబ్బును రాష్ట్ర ఖజానాలకు మళ్ళించొద్దని 2021 జులైలో కేంద్రం ప్రత్యేకంగా ఆదేశం ఇవ్వాల్సి వచ్చింది. గ్యాస్ ఊళ్ళకు అదే అచ్చు దింపితే అవే చిల్లులు పడతాయి. అందుకే నిధిలో కనీసం సగం నేరుగా పంచాయతీ ఖాతాకు, ఖర్చు గ్రామసభ తీర్మానంతోనే అని చట్టంలోనే రాయాలంటున్నాను.

గ్రామసభ ఏం చేయగలదో చెన్నైకి దక్షిణాన ఉన్న కావేరీ డెల్టా చూపించింది. 2017లో నెడువాసల్‌లో హైడ్రోకార్బన్ ప్రాజెక్టు మీద మొదలైన పోరాటంలో ఊళ్ళు గ్రామసభ తీర్మానాలను ఆయుధంగా వాడుకున్నాయి. 2020 ఫిబ్రవరిలో తమిళనాడు డెల్టాను రక్షిత వ్యవసాయ మండలంగా ప్రకటిస్తూ చట్టం చేసి కొత్త చమురు, గ్యాస్ తవ్వకాలకు తలుపు మూసింది. అయితే అప్పటికే నడుస్తున్న బావులు నడుస్తూనే ఉన్నాయి. ఆ బావుల పక్క ఊళ్ళకు ఇటు వాటా లేదు, అటు బావులు మూసివేత లేదు. వద్దనే హక్కు ఎంత అవసరమో, ఉన్నదాని మీద అజమాయిషీ కూడా అంతే అవసరం. కోనసీమలో మిగిలింది ఈ రెండోదే, అక్కడ బావులు మొదలై దశాబ్దాలయింది.

ట్రిబ్యునల్ దాకా రావాల్సి వస్తే తెలిసి ఉండాల్సినవి రెండు మాటలు. పరిహారం కోరే అర్జీకి గడువు కారణం మొదట తలెత్తిన నాటి నుంచి అయిదేళ్ళు, మిగతా వివాదాలకు ఆరు నెలలు, రెండింటికీ తగిన కారణం చూపితే మరో 60 రోజులు. పరిహారం అర్జీకి రుసుము అడిగిన మొత్తంలో ఒక శాతం, దారిద్ర్యరేఖకు దిగువనున్నవారికి అక్కర్లేదు. చాలా ఊళ్ళు ఆరు నెలల గడువును కంపెనీ కార్యాలయం చుట్టూ తిరగడంలోనే పోగొట్టుకుంటున్నాయి.

బావి నిధి అంటూ ఒకటి వస్తే మొదటి ఖర్చు దేని మీద పెట్టాలో కూడా చెబుతాను. ప్రతి పంచాయతీకి చేతిలో పట్టుకునే మీథేన్ మీటర్లు రెండు. గాలిలో 5 నుంచి 15 శాతం మధ్య మీథేన్ ఉంటే అంటుకుంటుంది. మీటరు ఆ 5 శాతంలో పదో వంతు దగ్గరే, అంటే అర శాతానికే కూత పెట్టేలా పెట్టి ఉంచాలి. ఆరు నెలలకోసారి దాన్ని సరిచూపించాలి, లేకపోతే సెన్సర్ మొద్దుబారి సున్నా చూపిస్తూ ఉంటుంది. ఊళ్ళో ఇద్దరికి జీతమిచ్చి గొట్టం వెంబడి రోజూ నడిపించాలి. పంటకాలువ దాటే చోట, గొట్టం పల్లంలోకి దిగే చోట, వాల్వుల దగ్గర ఆగి చూడాలి. ఎండాకాలంలో గట్టు మీద గడ్డి ఒక్కచోటే చారగా ఎండిందా, వానాకాలంలో మడి నీళ్ళలో బుడగలు వస్తున్నాయా చూడాలి. చూసిన టైము పుస్తకంలో రాయాలి. ఆ నడక తెల్లవారుజామున నాలుగున్నరకల్లా అయిపోవాలి. అయిదు దాటితే ఊళ్ళో టీ పొయ్యిలు వెలుగుతాయి.